వేలు వంగాలంటే... ఏ దారం?

కొబ్బరికాయ కొడుతుంటే కత్తి జారింది. పగిలిన గాజుగ్లాసు తీస్తుంటే అరచేయి తెగింది. చూస్తే గాయం చిన్నదే. వేలు మాత్రం వంగనంటుంది. 'నరం తెగింది' అంటారు ఇంట్లో పెద్దవాళ్లు. చాలాసార్లు తెగేది నరం కాదు, కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే తాడులాంటి టెండన్‌. పూర్తిగా తెగితే ఆపరేషన్‌ చేసి కుట్టాల్సిందే. మరి ఏ దారంతో?

ప్రశ్న పాతదే. జనుము నార, చెట్టు బెరడు నార, వెంట్రుకలు, జంతువుల స్నాయువులు... గాయాలు కుట్టడానికి పనికొచ్చే వాటి జాబితా సుశ్రుత సంహితలోనే ఉంది. తర్వాత పట్టుదారం, గొర్రెల పేగులతో చేసిన క్యాట్‌గట్‌ వాడారు. ఇప్పుడు టెండన్‌కు వాడేవి ఎక్కువగా కృత్రిమ దారాలే.

ఒక దర్జీ చూపుడువేలే అలా తెగిందనుకుందాం. వేలు వంగకపోతే మిషన్‌ నడవదు, ఇల్లు గడవదు. 'బాగా గట్టి దారంతో కుట్టండి డాక్టరుగారూ' అంటాడు. కానీ డాక్టరు గట్టిదనం ఒక్కటే చూడరు. చర్మం మీది కుట్లు రెండు వారాల్లో తీసేయొచ్చు. టెండన్‌ బరువు పనులకు సిద్ధం కావాలంటే దాదాపు 12 వారాలు పడుతుంది. విక్రిల్‌ లాంటి కరిగే దారం మూడు వారాలకే సగం బలం కోల్పోతుంది. అందుకే వేళ్లకు సాధారణంగా కరగని దారాన్నే ఎంచుకుంటారు.

అందులోనూ రకాలున్నాయి. ప్రొలీన్‌ ఒంటిపోగు దారం. నున్నగా జారుతుంది, సూక్ష్మజీవులు దాక్కునే సందులుండవు. కానీ ముడి కూడా జారుతుంది, ఎక్కువ ముళ్లు వేయాలి. ఎథిబాండ్‌ జడలా అల్లిన పాలిస్టర్‌. ముడి నిలుస్తుంది. గాయంలో మురికి చేరి ఉంటే మాత్రం ఆ అల్లికే బ్యాక్టీరియాకు ఇల్లవుతుంది. ఫైబర్‌వైర్‌ లోపల ఉండేది బులెట్‌ప్రూఫ్‌ జాకెట్లలోనూ వాడే రకం పాలిథిలిన్‌. బలానికి తిరుగులేదు, ముడే లావు. వేలి టెండన్‌ సన్నటి గొట్టంలో అటూఇటూ జారుతుంటుంది. అక్కడ లావు ముడి పడితే ఇరుక్కుంటుంది!

మందానికీ లెక్కుంది. సున్నాలు పెరిగేకొద్దీ దారం సన్నబడుతుంది. వేళ్లకు 3-0 లేదా 4-0, అంచుల్ని నునుపు చేయడానికి ఇంకా సన్నటి 6-0. మడమ వెనకుండే లావుపాటి టెండన్‌కైతే 2 నంబరు దారం పట్టాల్సి రావచ్చు. తెగినచోటును ఎన్ని పోగులు దాటుతున్నాయన్నదీ ముఖ్యమే. రెండు పోగుల కుట్టుకన్నా నాలుగు పోగులది చాలా బలం.

అంత బలం ఎందుకంటే, కుట్టిన కొద్దిరోజులకే వేలు కదపడం మొదలుపెట్టాలి. అసలు కదపకపోతే టెండన్‌ చుట్టుపక్కల కణజాలానికి అతుక్కుపోతుంది. నొప్పి తగ్గిందని బిందె ఎత్తితే కుట్టు తెగుతుంది. ఎంత కదపాలో ఫిజియోథెరపిస్టు చెబుతారు. దారం ఎంపిక డాక్టరుదే. ఆ తర్వాత డాక్టరు చెప్పినంతకాలం స్ప్లింటు తీసేయకుండా, వ్యాయామం మానకుండా చూసుకోవాల్సింది రోగి, ఇంటిల్లిపాది.

చిన్న గాయమే కదా అని పసుపు అద్ది ఊరుకోకండి. వేలు వంగకపోయినా, చాపలేకపోయినా ఆరోజే డాక్టరుకు చూపించండి. ఆలస్యమైతే తెగిన కొసలు వెనక్కి లాగేసుకుంటాయి. అప్పుడు ఎంత మంచి దారమున్నా కలపడం కష్టం.