ఇరవై నాలుగు గంటల పుణ్యం

పాతికేళ్ళకు పైగా మద్రసాలో పాఠాలు చెబుతున్నాను. ఇమామ్ బుఖారీ (రహ్మ) తన గ్రంథాన్ని సంకల్పానికి సంబంధించిన హదీసుతో ప్రారంభించారని ప్రతి ఏటా మొదటి రోజే పిల్లలకు చెబుతాను. ఆ పాఠాన్ని నాకు తిరిగి నేర్పినవాడు నా విద్యార్థే.

మూడేళ్ళ క్రితం షాబాన్ మాసం చివరి వారంలో తిరుమలగిరిలో కొందరు దాతలు కలిసి పేద కుటుంబాలకు రంజాన్ సామాను ఇచ్చారు. బియ్యం, కందిపప్పు, నూనె, ఖర్జూరాలు. పంపిణీ బాధ్యత నాది. ఫోటోలు తీసి వాట్సాప్ స్టేటస్‌లో పెట్టాను. దాతలకు లెక్క చూపాలి, ఇతరులకు ప్రోత్సాహం కలగాలి అని నాకు నేను చెప్పుకున్నాను.

ఇషా నమాజు తర్వాత చూస్తే నూటికి పైగా వీక్షించారు. ఎవరెవరు చూశారో పేర్లతో సహా తెలుస్తుంది కదా! తహజ్జుద్‌కు లేచినప్పుడు వజూకు ముందే నా చేయి ఫోను మీదికి పోయింది. ఊళ్ళోని ఒక పెద్దమనిషి పేరు కోసం వెతికాను. ఆయన చూడడమే కాదు, ‘మాషా అల్లాహ్’ అని రాశారు. నా మనసు ఉప్పొంగింది.

మరునాడు అస్ర్ తర్వాత ఖుర్ఆన్ పాఠానికి పదకొండేళ్ళ పిల్లవాడొకడు రాలేదు. ఆ మరునాడూ రాలేదు. మూడో రోజు వాళ్ళింటికి వెళ్ళాను. గుమ్మం పక్కన మేమిచ్చిన సంచి కట్టు విప్పకుండానే ఉంది. అతని తల్లి పరదా వెనుక నుండి ఇలా అన్నది:

“హజ్రత్, మీ మేలు మరువను. కాని ఫోటోలో నేను చేయి చాచి ఉన్నాను. తోటి పిల్లలు చూసి నవ్వారట. ఈ బియ్యంతో సహరీ చేయనంటున్నాడు. ఇంకెవరికైనా ఇవ్వండి.”

నేను జవాబు చెప్పలేకపోయాను.

దానాన్ని బహిరంగంగా ఇవ్వడం మంచిదేననీ, గుప్తంగా పేదలకు అందించడం మరింత మేలైనదనీ బఖరా సూరా బోధిస్తున్నది. చాటుకోవడం వల్ల, మనసు నొప్పించడం వల్ల దానం వ్యర్థమవుతుందని కూడా అదే సూరా హెచ్చరిస్తున్నది. నేను ఆ రెండూ ఒకే ఫోటోతో చేశాను. ప్రళయదినాన మొట్టమొదట విచారణకు వచ్చే ముగ్గురిలో, పేరు కోసం ఖుర్ఆన్ చదివి ఇతరులకు నేర్పినవాడు ఒకడని సహీహ్ ముస్లింలో ఉంది. ఆ హదీసును ఎన్నోసార్లు బోధించాను. అది నన్ను ఉద్దేశించినదని మాత్రం ఏనాడూ అనుకోలేదు.

ఫేస్‌బుక్ ‘లైక్’ 2009లో, వాట్సాప్‌లో నేటి రూపంలోని స్టేటస్ 2017లో వచ్చాయి. పరికరాలు కొత్తవి, రోగం పాతది. దాని పేరు రియా. దుబాయిలో ఉన్న కొడుకు తన పిల్లల ఫోటో పెడితే ఇక్కడి తల్లి చూసి సంతోషిస్తుంది. అందులో దోషమేమీ లేదు. మన మెప్పు కోసం మరొకరి పేదరికాన్ని వాడుకున్నప్పుడే అది అన్యాయమవుతుంది.

ఆ ఏడాది నుండి దాతలకు కాగితంపై లెక్క రాసి ఇస్తున్నాం. ఫోటో తప్పనిసరి అయితే సంచులను మాత్రమే తీస్తున్నాం. సామాను చీకటి పడ్డాక ఇళ్ళకే చేరుతున్నది. నేను ఆ తల్లినీ కొడుకునూ క్షమాపణ కోరాను. ఈద్ తర్వాత వాడు తిరిగి వచ్చాడు, కాని చాలాకాలం చివరి వరుసలోనే కూర్చున్నాడు.

నా స్టేటస్ ఇరవై నాలుగు గంటల్లో మాయమైంది. ఆ పసి మనసులో నుండి మాయం కాలేదు. కిరామన్ కాతిబీన్ లిఖించే గ్రంథంలో దాన్ని ఏ పద్దు కింద రాశారో అల్లాహ్‌కే తెలుసు. ఆయన నన్నూ, మనందరినీ మన్నించుగాక! ఆమీన్.