తూటాగొట్టపు ఆయుర్దాయము

అమెరికాలోని ఇడహో రాష్ట్రమున, స్నేక్, క్లియర్‌వాటర్ నదులు సంగమించుచోట లూయిస్టన్ అను పట్టణమున్నది. తూటాలు చేయు కర్మాగారము ఆ యూరనే యున్నను నేను చూడబోయినది దానిని గాదు. శివారున తన కారుకొట్టమును పనిశాలగా మార్చుకొని, గురిపోటీలకు వలసిన తూటాలను తానే నింపుకొను ఒక విశ్రాంతోపాధ్యాయుని. అక్కడ ఇంజినీరుగా నున్న మా మేనల్లుడాయనకు పొరుగువాడు. “మామయ్యా, ఆయన కాల్చేదానికన్నా కొలిచేదే ఎక్కువ” అని వాడు ముందే చెప్పియుండెను.

బల్లకు బిగించిన ఇనుప ప్రెస్సు, ఉక్కు డైలు, కాలిపరు, ఒక చిన్న చేతిమర — సామగ్రి యింతియే. ఒక్కమారు పేల్చినంతనే మందు, దానిని రగిలించు ప్రైమరు, గుండు మూడును ముగిసిపోవును. మరల పనికివచ్చునది నూటికి 70 పాళ్ళు రాగియు 30 పాళ్ళు తుత్తునాగమునుగల యిత్తడి గొట్టమొక్కటే. పేలుడు వేళ నది ఉబ్బి తుపాకి గదిగోడలకు హత్తుకొని వాయువును వెనుకకు పోనీయక నిలుపును. పిదప కొంత ముడుచుకొనును గాని పూర్వపు కొలతకు రాదు. దానిని డైలోనికి నొక్కి మరల సన్నగించుట తప్పదు.

కాని యెంత నొక్కవలెను? ఆ పెద్దమనిషి విద్యయంతయు ఈ ప్రశ్నయందే యున్నది. డైని అడుగంట దింపి, గొట్టపు భుజమును, అనగా మెడకు దిగువనున్న యేటవాలు భాగమును, వలసినదానికంటె వెనుకకు నెట్టినచో, తుపాకి గదిలో దానికి ఖాళీ యేర్పడును. పేలినప్పుడు పలుచని ముందుగోడలు గదిని పట్టుకొని కదలక నిలువగా, మందమైన అడుగుభాగము బోల్టును తాకువరకు వెనుకకు జరుగును. ఆ రెంటి నడుమనున్న గోడ సాగి సాగి పలుచనై, కొన్ని కాల్పులకే అడుగు ఊడునంతటి స్థితికి వచ్చును. కావున నాయన పేల్చిన గొట్టపు భుజమును ముందుగా కొలిచి, తన బోల్టు రైఫిలుకు అంగుళములో వెయ్యింట రెండు పాళ్ళు మాత్రమే వెనుకకు పోవునట్లు డైని బిగించుచుండెను. లానోలిన్ కలిపిన నూనెను వేలికొనతో పలుచగా రాయుచుండెను. అది కొరవడిన గొట్టము డైలో ఇరుక్కొనును. మించినచో భుజమున సొట్టలు పడును.

సన్నగించిన తరువాతనే పొడవు చూచుట, ఏలయన డైలో నొక్కినప్పుడును మెడను లోపలినుండి వెడల్పుచేయు డైలోని ఉబ్బుగుండును వెనుకకు లాగినప్పుడును గొట్టము పొడవగును. ఆయన వాడునది 1906లో అమెరికా సైన్యము స్వీకరించిన థర్టీ-ఆట్-సిక్స్ తూటా. దాని గొట్టము 2.494 అంగుళములకు మించరాదు. మించినచో మెడ యంచు గది కొసను తాకి గుండును బిగబట్టును, ఒత్తిడి ప్రమాదకరముగా పెరుగును. ఆయన దానిని చేతిమరలో 2.484కు కోసి, అంచును లోపల వెలుపల నునుపు చేసెను. పళ్ళెములో బంగారు పొట్టువలె రాలిన యిత్తడిని చూపి, ఇది ఆకాశమునుండి ఊడిపడినది కాదు, గొట్టపు గోడనుండి ముందుకు పారివచ్చిన లోహమేనని చెప్పెను. నాకీమాట మిక్కిలి నచ్చినది. కోత పొడవును సరిచేయును గాని పోయిన మందమును తిరిగి తేలేదు. ఎంత తక్కువ సాగనిచ్చిన అంత తక్కువ కోత.

మెడకు మరొక వ్యాధి గలదు. మాటిమాటికి ఉబ్బుచు నొక్కబడుచునుండు ఇత్తడి గట్టిపడి తుదకు నిలువున చీలును. దానికి మందు వేడిమి. గొట్టములను సగము వరకు నీటి పళ్ళెములో నిలిపి మెడలను మాత్రము జ్వాలతో క్షణకాలము కాచి నీటిలోనికి పడద్రోయుదురు. ఉక్కువలె ఇత్తడి యిట్లు చల్లార్చినందున గట్టిపడదు. నీరు అడుగుభాగమును కాపాడుటకే. అడుగు మెత్తబడెనా, ఆ గొట్టము ప్రాణాపాయకరము.

ఇత్తడి చీలికల చరిత్రలో మన దేశమునకును పాలున్నది. బ్రిటిషువారి సైన్యము వానకాలమున గుర్రపుసాలలలో దాచిన తూటాలు వాటంతటవే పగులుచుండెను. గుర్రముల మూత్రమునుండి పుట్టిన అమోనియా, లోహములో మిగిలిన బిగువుతో కూడి ఆ పని చేసెనని 1921లో తేలినది. అందుచేతనే అమోనియాగల మెరుగుమందులను ఈ ముసలాయన బల్లదరికి రానీయడు. మెరుపుపై మోజు కొద్దీ వానిని వాడువారు కలరని విని నాకు విస్మయము కలిగినది.

చివరి పరీక్షకు పరికరము కొసవంచిన సన్నతీగె యొకటే. దానిని గొట్టములోనికి దింపి గోడవెంట మెల్లగా పైకి లాగును. అడుగునకు కొంచెము పైన కొస గాడిలో చిక్కినచో లోపల గోడ తరిగినట్లే. వెలుపల మెరయు సన్నని వలయము కొన్నిమార్లు ఆ సంగతిని చెప్పును, కొన్నిమార్లు చెప్పదు. నా చేతికిచ్చిన గొట్టమున తీగె తగులుకొన్నది. “ఇంకొక్కసారికి పనికిరాదా?” అని మేనల్లుడడిగినంతనే, ఆయన బదులాడక పటకారుతో దాని మెడను నొక్కి చదునుచేసి, మరల మంచివానిలో కలియకుండ తుక్కుడబ్బాలో పడవైచి, తరువాతిదాని నందుకొనెను.