పల్లేరు సాగు

మందుమొక్కల నర్సరీకి వచ్చి పల్లేరు కావాలని ఎవరడిగినా, "ఏ పల్లేరు?" అని నేను ఎదురు ప్రశ్న వేస్తాను. మా అనకాపల్లి వైపు మెట్ట గట్ల మీదా, బీళ్లలోనూ రెండు పల్లేర్లుంటాయి. రెంటికీ పసుపు పూలే, రెంటికీ ముళ్లకాయలే. రెండూ వానలకు పుట్టి ఏడాది తిరక్కుండా ఎండిపోయేవే.

పువ్వు రంగు చూసి తేల్చేద్దామనుకునేవాళ్లే ఎక్కువ. నన్నడిగితే ఆకు చూడాలి. చిన్నపల్లేరు నేలను అంటుకుని నాలుగు వైపులా పాకుతుంది. ఆకుకు చింతాకు మాదిరే జతలు జతలుగా రెబ్బలుంటాయి. కణుపు దగ్గర ఎదురెదురుగా ఉన్న రెండు ఆకుల్లో ఒకటి పెద్దది, రెండోది పొట్టిది. అయిదు రేకుల పువ్వు పొద్దున్నే విచ్చి, ఎండ ముదిరాక ముడుచుకుంటుంది. పండిన కాయ అయిదు ముక్కలుగా విడిపోతుంది. ఏనుగుపల్లేరు అలా కాదు. దాని ఆకు రెబ్బలు లేకుండా ఒంటిగా, దళసరిగా ఉంటుంది. పువ్వు గొట్టంలా సాగి ఉంటుంది. కాయకు నాలుగు పలకలు, మూలకో ముల్లు. అప్పటికీ అనుమానం తీరకపోతే పచ్చికొమ్మను గ్లాసుడు నీళ్లలో కాసేపు తిప్పండి. నీళ్లు చిక్కబడి జిగురుగా సాగాయంటే అది ఏనుగుపల్లేరు.

ఈ తేడా ఎందుకంటే, ఆయుర్వేద ఫార్మకోపియా గోక్షురంగా చెప్పింది చిన్నపల్లేరునే. ముయ్యాకుపొన్న, కోలపొన్న, ములక, వాకుడులతో పాటు దశమూలాల్లో చేరేది ఇదే. ఏనుగుపల్లేరుకూ వైద్యంలో వేరే వాడుక ఉంది కానీ, కాయల బస్తాలో రెండూ కలిసిపోతే సరుకు చెడినట్టే.

మొదటిసారి మడి కట్టించినప్పుడు పనికొచ్చిన ఒక అమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. "కాల్లో గుచ్చుకుంటే పీకి పారేస్తాం కదా బాబూ, దీన్ని నాటుతున్నావేటి?" అంది. నాటడం మన చేతిలో ఉందిగానీ, మొలవడం దాని ఇష్టం. కాయ ముక్క ఒక్కోదానిలో రెండు మొదలు నాలుగైదు గింజల దాకా ఉంటాయి. అన్నీ ఒకేసారి లేవవు. ఒకటి ముందు మొలుస్తుంది, మిగతావి తర్వాతి వానకో, మరుసటేడుకో ఆగుతాయి. తొలి మొలక ఎండకు మాడిపోయినా వంశం నిలవడానికి అది చేసుకున్న ఏర్పాటు. వరసగా ఎదిగే పంట కావాలనుకునే మాకు మాత్రం తలనొప్పి. అందుకే తాజా కాయ వేయను. నిరుటి కాయను రాత్రి నానబెట్టి, నేల వేడిగా ఉండగానే, తొలకరి తడికి వేస్తాను. కలుపు తీసేవాళ్లకు బీజదళాలు చూపించి మరీ చెబుతాను: మందంగా, చివర చిన్న నొక్కుతో ఉంటాయి, వాటిని వదిలేయండని. నీడ ఉన్న చోట, నీరు నిలిచే చోట దీన్ని పెట్టడం దండగ.

కాయ పచ్చదనం పోతుండగానే మొక్కను మొత్తంగా పీకాలి. ఆలస్యమైతే ముక్కలు రాలి నేల పాలు. రాలినవాటిని వంగి ఏరక్కర్లేదు, పాత గోనెసంచి మడి మీద ఈడిస్తే వాటంతటవే పట్టుకుంటాయి.

పల్లేరు కాళ్లకూ టైర్లకూ గుచ్చుకుంటోందని అమెరికాలో 1961లో ఇటలీ నుంచి రెండు రకాల ముక్కుపురుగుల్ని తెచ్చి వదిలారు. ఒకటి కాయను తొలుస్తుంది, రెండోది కాండాన్ని. ఆ పురుగులు మన దేశంలోనూ ఉన్నవే. వాళ్లకు చుట్టాలైనవి మాకు శత్రువులు. చిల్లుపడ్డ కాయను విత్తనానికి ఉంచను. గొర్రెల్నీ దగ్గరికి రానివ్వను. దక్షిణాఫ్రికాలో పల్లేరు మేసిన గొర్రెలకు కాలేయం చెడి, ఎండ తగలగానే ముఖం వాచిపోయే జబ్బు ఉంది.

పక్క పొలం రైతు ఎవరైనా సరదాపడి తనూ వేస్తానంటే ఒక మాట ముందే చెప్పేస్తాను. ఆ మడిలో వచ్చే ఏడు పెసర వేద్దామనుకోకండి, నేలలో ఆగిన గింజలు పైకొస్తూనే ఉంటాయి. వట్టి కాళ్లతో పెసరకాయ కోయడానికి కూలీలెవరూ దిగరు.