డాక్టరమ్మకు దొరికినది

సేవకని పరదేశం వెళ్ళేవారికి ఏం దొరుకుతుంది? కాథరీనా షెల్లెన్‌బర్గ్ అనే వైద్యురాలు 1907లో అమెరికా నుంచి వచ్చి, మన తెలంగాణంలో రోగులకు సేవచేసి, 1945లో శంషాబాదులో కన్నుమూసింది. ఆమె ఇచ్చిందే గాని పొందిందేమిటని, క్రైస్తవుణ్ణయిన నాకే సందేహం. అప్పటికి నా ప్రార్థన కూడా వట్టి అలవాటైపోయింది.

2016 ఆగస్టులో కృష్ణా పుష్కరాలకు మా విద్యార్థులతో బీచుపల్లి ఘాటులో సేవకు వెళ్ళాను. ఒక ముసలమ్మ నా చెయ్యి పట్టుకుని మెట్లు దిగింది. మునిగి లేచి, నా మెడలో సిలువ చూసింది. చెయ్యి వదిలేస్తుందనుకున్నాను. వదలలేదు. ఇంకా గట్టిగా పట్టుకుని, "నీ దేవుడు నిన్ను సల్లగ సూడాల బిడ్డా!" అన్నది.

ఆ రాత్రి ఎన్నాళ్ళకో మనసారా ప్రార్థించాను.

జిల్లా దాటని నాకే ఇంత దొరికితే, సముద్రాలు దాటివచ్చిన ఆ డాక్టరమ్మకు ఎంత దొరికివుంటుందో!