మల్లెకు పొయ్యి పడదు

మందార పూలు కాచినట్టే మల్లెలనూ నూనెలో కాచి, వాసన రాలేదని ఉసూరుమనేవాళ్లు ప్రతి వేసవిలోనూ కనబడతారు. మందారకు పెద్దగా వాసన లేదు కాబట్టి మరిగించినా పోయేదేమీ లేదు. మల్లె పరిమళం మాత్రం వేడి తగిలితే గాల్లో కలిసిపోతుంది. వంటిల్లంతా గుమగుమలాడుతుంది గానీ గిన్నెలో మిగిలేది ఉడికిన పూల వాసనే.

పాతవాళ్ల పద్ధతి వేరు. నూనెకు కాదు, నువ్వులకే వాసన పట్టించేవాళ్లు. ఉత్తరప్రదేశ్‌లో జౌన్‌పూర్, ఘాజీపూర్‌లు ఇలాంటి పూలనూనెలకే పేరు పొందాయి. మైపాడు వైపు ఇసుక నేలలో పెరటి మల్లె విరగబూసే నెల్లూరు తీరానికి ఇంతకంటే తగిన పని లేదు.

నువ్వులు నానబెట్టి, పొట్టు పోయేలా రుద్ది, బాగా ఎండబెట్టాలి. సాయంత్రం కోసిన మొగ్గ ఇంకా బిగుసుకునే ఉంటుంది. వెడల్పాటి పళ్లెంలో ఒక వరస నువ్వుపప్పు, దాని మీద ఒక వరస మొగ్గలు, మళ్లీ నువ్వుపప్పు. పైన పలచటి గుడ్డ. కోసిన తర్వాత కూడా మల్లె రాత్రంతా పరిమళం వదులుతూనే ఉంటుంది. పక్కనున్న నువ్వు దాన్ని పీల్చుకుంటుంది. తెల్లారేసరికి రేకులు గోధుమరంగు తిరిగి, నువ్వులు అంటుకుని మెత్తగా చేతికి తగులుతాయి. జల్లెడ పట్టి వాటిని తీసేసి, నువ్వులను నీడన ఆరబెట్టి, సాయంత్రం మళ్లీ కొత్త మొగ్గలు. వారం, పది రోజులు ఇలా ఓపిక పట్టి, ఆ తర్వాత నువ్వులను గానుగ ఆడించాలి. ఫ్రాన్సులోని గ్రాస్‌లో అద్దాల పలకల మీద కొవ్వు పూసి జాజులు పరిచిందీ కోసిన తర్వాతా పరిమళం వదిలే ఈ గుణం కోసమే. గులాబీకి ఇది లేదు, అందుకే దాన్ని బట్టీ పెడతారు.

వాసన నూనెల మోజు మనకు పాతదే. 6వ శతాబ్దపు వరాహమిహిరుడు బృహత్సంహితలో సుగంధాలకు గంధయుక్తి అని ఒక అధ్యాయమే కేటాయించి, సంపెంగ వాసన వచ్చే నూనెను ఎండలో కాగబెట్టే విధం చెప్పాడు. పొయ్యి మీద కాదు, ఎండలో!

మన తీరంలో అసలు శత్రువు చెమ్మ. సముద్రపు గాలికి నువ్వులు చెమ్మగిల్లితే నూనె కనరు వాసన కొడుతుంది. అందుకే వడగాలి వీచే రోజులే దీనికి మంచివి. ఆడించిన నూనెను జాడీలో కదపకుండా ఉంచి, పైతేట మాత్రం వంచుకోవాలి.

బజారు సీసా వెనక చిన్న అక్షరాలు చదవండి, లిక్విడ్ పారఫిన్ (ఖనిజ నూనె) అని చాలావాటి మీద కనబడుతుంది. ఆ సీసాకయ్యే డబ్బుతో నువ్వులు కొనుక్కోవడం మేలు. చెక్క గానుగకే వెళ్లండి, దానిలో నూనె అంతగా వేడెక్కదు. అంతకుముందు వేరుశనగ ఆడించి ఉంటే, ఒక వాయి మామూలు నువ్వులు వేసి ఆడించాకే మీ మల్లె నువ్వులు పోయమని అడగండి.