విరగకుండా ఊడే చేయి

మా ఇంట్లో ఒక పాత షూ డబ్బా ఉంది. దాని మూత మీద ‘జాగ్రత్త’ అనే మాట మూడు భాషల్లో రాసి ఉంటుంది. బెంగళూరు నుంచి కదిలినప్పుడు కన్నడంలో, నాగపూర్ నుంచి మరాఠీలో, భువనేశ్వర్ నుంచి ఒడియాలో. సామాను ఎత్తేవాళ్ళకు అర్థం కావాలని ఏ ఊళ్ళో ఆ ఊరి భాషలో రాయించాను. అయినా ప్రతి బదిలీకీ లోపలున్న సైనికుల చేతులు విరుగుతూనే వచ్చాయి.

సైనికులంటే బొమ్మలు, పిల్లలూ. ఒక్కొక్కటి బొటనవేలంత ఉంటుంది. అంతరిక్ష యుద్ధాల కథల్లోని వీరులు. ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌కు చెందిన గేమ్స్ వర్క్‌షాప్ అనే సంస్థ 1987లో ‘వార్‌హ్యామర్ 40,000’ అనే ఆటను తెచ్చింది. ఈ బొమ్మల్ని బల్ల మీద నిలబెట్టి, టేపుతో దూరాలు కొలిచి, పాచికలు వేసి ఆడతారు. అంతకు చాలా ముందే, 1913లో, ‘టైమ్ మెషిన్’ రాసిన హెచ్.జి. వెల్స్ బొమ్మ సైనికులతో ఆడే ఆటకు నియమాలు రాసి ‘లిటిల్ వార్స్’ అనే పుస్తకం వేశాడు. కాబట్టి ముప్పై ఆరేళ్ళ టీచరు బొమ్మలు పట్టుకుని కూర్చుంటే నవ్వకండి.

నిజానికి నేను ఆట ఆడింది తక్కువ. ఆడాలంటే తోడు కావాలి, తోడు దొరకాలంటే ఒక ఊళ్ళో కుదురుగా ఉండాలి. అతికించడం, రంగులు వేయడం మాత్రం ఒక్కదాన్నే చేసుకోవచ్చు. అందుకే ఆ పని పట్టుకున్నాను. కొండపల్లిలో మనవాళ్ళు చేసేదీ ఇలాంటిదే. తెల్ల పొణికి కర్రలో చేతులు, కాళ్ళు విడివిడిగా చెక్కి అతికిస్తారు. చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో సందులు పూడ్చి రంగులు వేస్తారు. నా బొమ్మలు ప్లాస్టిక్‌వి. చట్రం నుంచి ముక్కలు కత్తిరించి, అంచులు నునుపు చేసి, ప్లాస్టిక్ సిమెంటుతో అతికించాలి. ఆ జిగురు రెండు ముక్కల అంచుల్నీ కొద్దిగా కరిగించి ఒకటి చేస్తుంది. అందుకే అతుకు గట్టిగా ఉంటుంది. దెబ్బ తగిలితే అతుకు ఊడదు, దాని పక్కన సన్నగా ఉన్న మణికట్టు పుటుక్కున విరుగుతుంది.

ఖరగ్‌పూర్ వచ్చి డబ్బా తెరిస్తే ఏడు చేతులు విరిగి ఉన్నాయి. మూత పెట్టి అటక మీద పడేశాను. ఏడాది దాకా మళ్ళీ దించలేదు. ఆ ఏడాదిలో ఈ ఊళ్ళో ఎవరింటికీ వెళ్ళలేదు కూడా. ఆ రెండింటికీ సంబంధం ఉందని అప్పుడు నాకు తట్టలేదు.

ఎనిమిదో తరగతిలోకి సంవత్సరం మధ్యలో ఒక అబ్బాయి వచ్చాడు. నాన్నగారికి కలైకుండ వైమానిక స్థావరంలో పోస్టింగు. వాడికది ఆరో బడి. చివరి బెంచీలో కూర్చునేవాడు. ఎవరితోనూ మాట్లాడడు. “బెంగాలీ నాలుగు మాటలు నేర్చుకోరా, ఆటల్లో కలుపుకుంటారు” అన్నాను ఒకరోజు. “ఎందుకు మేడమ్? మళ్ళీ వెళ్ళిపోతాంగా” అన్నాడు.

సమాధానం చెప్పాల్సింది. చెప్పలేకపోయాను. ఆ మాట నాదే కదా! వాడు పైకి అన్నాడు, నేను అనలేదు, అంతే తేడా. ఆ సాయంత్రం అటక మీది డబ్బా దించాను. మర్నాడు వాడిని పిలిచి, “విరిగిన చేతులు ఏడున్నాయి. సాయం చేస్తావా?” అని అడిగాను. వాళ్ళ అమ్మగారు ఆదివారాలు మా ఇంటికి పంపడానికి ఒప్పుకున్నారు.

మాకు మూడో మనిషి మా పక్కింటి బాబాయిగారు. వాళ్ళ తాత బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం వైపు నుంచి ఇక్కడి వర్క్‌షాపులో పనికి వచ్చాడు. ఆ తర్వాత ఆ కుటుంబం ఊరు కదల్లేదు. ఇలాంటి తెలుగు కుటుంబాలు ఖరగ్‌పూర్‌లో బోలెడు. బాబాయిగారు విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్కులో ఒక ఫ్యాక్టరీలో మెషినిస్టు. విరిగిన చేతుల్ని చూసి, “ఏటమ్మా, ఊడదీయాల్సినదాన్ని ఎవరైనా జిగురెట్టి అతికిస్తారేటి?” అన్నారు. ఒక ఆదివారం మా ఇద్దరినీ పార్కు వైపు తీసుకెళ్ళారు. దారిలో ట్రెయిలర్ల మీద ఎక్స్‌కవేటర్లు వెళ్తున్నాయి. టాటా హిటాచీ వాళ్ళు అక్కడ తయారుచేస్తారు. “దీని చెయ్యి చూడు. మట్టి తవ్వాలంటే బకెట్టు, రాయి కొట్టాలంటే బ్రేకరు. పిన్ను లాగి మార్చేయడమే” అన్నారు. అబ్బాయి ఆ చేతుల్ని చూస్తూ ఉండిపోయాడు. ఇంటికొచ్చేదాకా ఆపకుండా మాట్లాడాడు.

మా బొమ్మలకు పిన్నులు పట్టవు. అందుకని అయస్కాంతాలు తెప్పించాం. మూడు మిల్లీమీటర్ల వెడల్పు, ఒక మిల్లీమీటరు మందం ఉన్న నియోడిమియం బిళ్ళలు. నియోడిమియం, ఇనుము, బోరాన్ కలిసిన ఈ అయస్కాంతాన్ని 1980ల మొదట్లో జపాన్‌లోనూ అమెరికాలోనూ వేర్వేరుగా కనిపెట్టారు. గింజంత ఉన్నా పట్టు గట్టిది. మీ ఇంట్లో చిన్న తమ్ముడో చెల్లెలో ఉంటే వీటిని వాళ్ళకు అందనివ్వకండి. రెండు మింగితే కడుపులో పేగుల గోడల మీదుగా ఒకదాన్నొకటి లాక్కుని ప్రాణం మీదికి తెస్తాయి. మేము లెక్కపెట్టి తీసి, లెక్కపెట్టి లోపల పెట్టేవాళ్ళం.

పని ఇలా సాగుతుంది. భుజం మధ్యలో సూదితో గుంట పెట్టాలి, లేకపోతే డ్రిల్లు జారుతుంది. చేత్తో తిప్పే చిన్న డ్రిల్లుతో నిదానంగా తొలచాలి. సూపర్ గ్లూ చుక్క వేసి బిళ్ళ కూర్చోబెట్టాలి. అది ఆరాక దాని మీద రెండో బిళ్ళను వదిలితే తనంతట తానే సరైన వైపు తిరిగి అతుక్కుంటుంది. అప్పుడు దాని పైముఖాన స్కెచ్‌పెన్‌తో చుక్క పెట్టాలి. ఆ చుక్క ఉన్న వైపు చేతి లోపలికి పోవాలి. భుజాలన్నిట్లో ఒకే ధ్రువం బయటికి ఉంటే, ఏ చేయి అయినా ఏ బొమ్మకైనా పడుతుంది. కాళ్ళను మాత్రం ఎప్పటిలాగే జిగురుతోనే అతికించాం. నిలబడే చోటు కదలకూడదు.

మూడో బొమ్మ దగ్గర నేను పొరపాటు చేశాను. బిళ్ళ తిరగబడింది. చేయి దగ్గరికి తెస్తే విసురుగా పక్కకు తిరిగిపోయింది. పీకితే భుజం పగులుతుంది. అబ్బాయి కాసేపు ఆలోచించి, “దీన్ని ఇలాగే ఉంచుదాం మేడమ్. దీనికి తగ్గ చేయి ఒకటి వేరే చేద్దాం” అన్నాడు.

తర్వాత రంగులు. ఇక్కడి వానాకాలపు చెమ్మలో ప్రైమర్ స్ప్రే చేస్తే బూజు పట్టినట్టు తెల్లబారింది. కడిగి, ఎండ కాసే రోజు కోసం ఆగాం. చిక్కని రంగు ఒకసారి వేస్తే ముఖం పూడిపోతుంది. నీళ్ళు కలిపి పల్చగా రెండు మూడు పూతలు వేయాలి. చివర పల్చని నల్లరంగు పోస్తే అది మడతల్లోకి దిగి నీడలు తెస్తుంది. వాడి తరగతివాళ్ళు ఇద్దరు బెంగాలీ పిల్లలు ఈ సంగతి విని చూడటానికి వచ్చారు. మూడో ఆదివారానికి వాళ్ళూ కుంచెలు పట్టారు. ఎరుపు ఏది, నీలం ఏది అని వాదించుకోవడంలో మావాడికి భాష దానంతటదే వచ్చింది.

బాబాయిగారు తెచ్చిన ఇనుపరేకు ముక్కను డబ్బా అడుగున పరిచాం. బొమ్మల అడుగున కూడా బిళ్ళలు పెట్టాం. ఇప్పుడు డబ్బా తలకిందులు చేసినా ఏదీ కదలదు.

వేసవి సెలవులకు ముందు వాడి నాన్నగారికి ఆర్డరు వచ్చింది. చివరి ఆదివారం నచ్చిన బొమ్మ తీసుకోమన్నాను. తిరగబడిన బిళ్ళ ఉన్న మూడోదాన్ని తీసుకున్నాడు. దాని చేయి ఊడదీసి నా అరచేతిలో పెట్టాడు. “ఇది మీ దగ్గర ఉంచండి మేడమ్. దానికి ఇంకేదీ పట్టదు” అన్నాడు.

వెళ్ళే ముందు మార్కర్ అడిగి, డబ్బా మూత మీద నాలుగో మాట రాశాడు. “మీకూ వస్తుందిగా, ఆర్డరు” అన్నాడు. బెంగాలీ అక్షరాలు కాస్త వంకరగా ఉన్నా తప్పు లేదు: సాబ్‌ధాన్.

నా ఆర్డరు ఇంకా రాలేదు. ఆదివారాలు ఆ ఇద్దరు పిల్లలూ వస్తున్నారు, బాబాయిగారూ వస్తున్నారు. ఆ చేయి డబ్బాలో రేకు మీద భద్రంగా అతుక్కుని ఉంది.