కమ్మింగ్‌లో కాగితపు గుమ్మడికాయ

అక్టోబరు రాగానే మా కమ్మింగ్‌లో ఇళ్ళ ముందు దయ్యాలు దిగుతాయి. అట్లాంటా నుంచి జార్జియా 400 రహదారి మీద ఉత్తరంగా వచ్చే చుట్టాలు "ఇదేమిటమ్మా, శ్మశానం పక్కన ఇల్లు కొన్నారా?" అని అడగడం మామూలే. పన్నెండడుగుల ప్లాస్టిక్ అస్థిపంజరాలు, గాలి ఊదితే లేచి కూచునే భూతాలు. సాలెపురుగు అస్థిపంజరం కూడా అమ్ముతున్నారు. సాలెపురుగుకి ఎముకలే ఉండవని గుంటూరు మెడికల్ కాలేజీలో చదివిన నేను మొత్తుకున్నా వినే నాథుడు లేడు.

ప్లాస్టిక్ రాకముందు హాలోవీన్ కాగితాల పండుగ. మసాచుసెట్స్‌లోని డెన్నిసన్ కంపెనీ 1909లో మొదలుపెట్టి "బోగీ బుక్" అనే చిన్న పుస్తకాలు వేసి, క్రేపు కాగితంతో ఇల్లు ఎలా అలంకరించుకోవాలో గృహిణులకు నేర్పింది. పెన్సిల్వేనియాలోని బీస్టిల్ కంపెనీ తేనెపట్టులా విచ్చుకునే కాగితపు బొమ్మలు చేసింది. జర్మనీ నుంచి కాగితపు గుజ్జు లాంతర్లు వచ్చేవి. వాటి కళ్ళ వెనకా నోటి వెనకా పల్చని రంగు కాగితం అంటించి, లోపల కొవ్వొత్తి పెట్టేవారు. ఇంకేం, చాలామట్టుకు కాలిపోయాయి! మిగిలినవాటికి అందుకే అంత ధర. పాత సామాన్ల దుకాణాలు తిరిగి తిరిగి నేను సంపాదించింది మూడు అట్ట పిల్లులు, ఒక గుడ్లగూబ. లాంతరు ధర చూసి నమస్కారం పెట్టి వచ్చేశాను.

అయినా కాగితపు గుజ్జు మనకి కొత్తా? మా అమ్మమ్మ పాత పేపర్లు చింపి రెండు మూడు రోజులు నానబెట్టి, నీళ్ళు పిండేసి, నానిన మెంతులతో కలిపి రోట్లో రుబ్బేది. బోర్లించిన కుండ మీద దాన్ని మెత్తి ఆరబెడితే బుట్ట తయారు. మెంతుల జిగురే బంక. మేమూ అదే పని చేస్తున్నాం, రోటికి బదులు మిక్సీ. గుండ్రటి గిన్నె మీద పాత గుడ్డ పరిచి రెండు చిప్పలు చేసి, పూర్తిగా ఆరకముందే కళ్ళూ నోరూ కోసి, తరవాత రెండూ అతికించి నారింజ రంగు వేస్తాం. ఇల్లంతా మెంతి వాసన. మా వీధిలో పిల్లలు "మీ గుమ్మడికాయ కూర వాసన వేస్తోందేం?" అంటారు.

మా అత్తగారికి మొదట్లో ఇవేవీ నచ్చలేదు. 2024లో దీపావళీ హాలోవీనూ ఒకటే రోజు వచ్చాయి, అక్టోబరు 31న. లక్ష్మీదేవి వచ్చే గుమ్మంలో పుర్రెలేమిటని ఆవిడ బాధ. ఉత్తర జార్జియా కుమ్మరులు చేసే ముఖాల కూజాలు చూపించాను. గుడ్లు మిటకరించి, విరిగిన పింగాణీ ముక్కలతో పళ్ళు పెట్టిన కూజాలవి. వైట్ కౌంటీలో లేనియర్ మీడర్స్ అనే కుమ్మరి వాటితోనే 1983లో జాతీయ గౌరవం పొందాడు. చూసి చూసి "ఇది దిష్టిబొమ్మేగా!" అన్నారావిడ. మన ఊళ్ళో గుమ్మానికి బూడిద గుమ్మడికాయ కట్టమా, కడుతున్న ఇంటి ముందు మీసాల రాక్షసుణ్ణి వేలాడదీయమా? రాజీ కుదిరింది. పుర్రెలు వద్దు, దిష్టిబొమ్మ సరే.

తెల్ల దుప్పటి దయ్యం దగ్గర మాత్రం నేనే పట్టుపట్టాను. దుకాణంలో మొనదేలిన తలతో ఒకటి చూసి మా తొమ్మిదేళ్ళవాడు అదే చేద్దామన్నాడు. ఈ ఫోర్సైత్ కౌంటీ నుంచి 1912లో వెయ్యిమందికి పైగా నల్లవారిని భయపెట్టి తరిమేశారు. 1987 జనవరి 17న శాంతియాత్రకు వచ్చిన చిన్న గుంపు మీద రాళ్ళు పడ్డాయి. వారం తిరక్కుండా ఇరవై వేలమంది వచ్చి కమ్మింగ్ వీధుల్లో నడిచారు. ముసుగు వేసుకుని బయట తిరగరాదని జార్జియా 1951లోనే చట్టం చేసింది, ఆ ముసుగులు ఎవరివో అందరికీ తెలుసు. చట్టంలో పండుగ వేషాలకు మినహాయింపు ఉంది. కాని మిఠాయికి మనవల్ని వెంటబెట్టుకొచ్చే తాతల్లో ఆ జనవరిని కళ్ళారా చూసినవాళ్ళుండొచ్చు. మన గుమ్మంలో వాళ్ళకి ఆ తెల్లగుడ్డ కనబడకూడదు.

ఇదంతా వాడికి అర్థమయ్యేంత మేరకు చెప్పాను. "అప్పుడు మనం ఇక్కడుంటే మనల్నీ పొమ్మనేవాళ్ళా?" అన్నాడు.

"మనల్ని అసలు రానిచ్చేవాళ్ళే కాదు, నాన్నా" అన్నాను.

1990లో నలభై నాలుగు వేలున్న కౌంటీ జనం 2020కి రెండున్నర లక్షలు దాటారు. మా వీధిలోనే నాలుగు తెలుగు ఇళ్ళు. వాడు కాసేపు మాట్లాడలేదు. తరవాత ఆ దుప్పటికి పసుపు ముంచి దిష్టిబొమ్మకి చొక్కా చేద్దామన్నాడు. చేశాం. మీసాలు వాళ్ళ నాన్నగారు పెట్టారు, కాస్త ఎక్కువే పెట్టారు.

ఈ ఏడు చేయదలచినవారు సెప్టెంబరు మధ్యలోనే కాగితాలు నానబెట్టండి. ఇక్కడి తేమకి ఆరడం ఆలస్యం, తడి ఉంటే బూజు పడుతుంది. లోపల బ్యాటరీ దీపమే పెట్టండి. నిజం గుమ్మడికాయే కావాలంటే డాసన్‌విల్ దగ్గర బర్ట్స్ ఫార్మ్‌లో బోలెడు. కోయడానికి మాత్రం వంటింటి కత్తి వద్దు, పండుగకి అమ్మే చిన్న రంపం చాలు. కత్తి జారిందంటే తెగేది అరచేతిలోని టెండన్లు. రాత్రిపూట ఎమర్జెన్సీలో కూచోవడం ఏ పండుగనాడూ బాగుండదు.